టోపీల ఊళ్లో పాత ఫెడోరా కోసం

మాంచెస్టర్ పికడిల్లీలో రైలెక్కితే పది నిమిషాల్లో స్టాక్‌పోర్ట్ వచ్చేస్తుంది. స్టేషన్‌కు కాస్త ముందు రైలు మెర్సీ నది మీదుగా 27 కమానుల ఇటుక వంతెన దాటుతుంది. 1840 నాటి కట్టడం, కోటికి పైగా ఇటుకలు పట్టాయి. దిగి కొంచెం దూరం నడిస్తే ఏడంతస్తుల పాత మిల్లు, దాని పక్కన ఎత్తైన పొగగొట్టం, ఆ గొట్టం మీద పెద్ద అక్షరాలతో ‘హ్యాట్ మ్యూజియం’ అన్న మాట. ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టును అభిమానులు ఇప్పటికీ ‘హ్యాటర్స్’ అనే పిలుచుకుంటారు. 1884 నాటికి ఇక్కణ్ణించి ఏటా అరవై లక్షలకు పైగా టోపీలు ఎగుమతయ్యేవి. టోపీలు తయారుచేసే చివరి కార్ఖానా 1997లో మూతబడింది.

నాకు కావలసింది ఒక ఫెడోరా. ‘కాసాబ్లాంకా’లో హంఫ్రీ బోగార్ట్ పెట్టుకున్న తరహాది. మెత్తటి ఫెల్ట్, ముందువైపు రెండు వేళ్లతో నొక్కినట్టున్న పల్లాలు, చుట్టూ వెడల్పాటి రిబ్బను, ముందు కిందికీ వెనక పైకీ వంగే రెండున్నర అంగుళాల అంచు. 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ కౌబాయ్ టోపీ చూసి మురిసిపోయిన తరం మాది. టోపీ మనిషికి ఎంత నిండుదనం తెస్తుందో అప్పుడే మనసుకు పట్టింది. వయసు పెరిగేకొద్దీ ఆ మోజు కౌబాయ్ టోపీ నుంచి ఫెడోరా వైపు మళ్లింది గానీ తగ్గలేదు.

చిక్కల్లా ధర దగ్గరే. మాంచెస్టర్‌లో నర్సుగా పనిచేస్తున్న మా మేనకోడలు నన్ను ఊళ్లో ఉన్న దుకాణాలన్నీ తిప్పింది. పాతిక, ముప్ఫై పౌండ్లకు దొరికేవన్నీ ఉన్ని ఫెల్ట్ టోపీలు. చేతిలోకి తీసుకుంటే అట్టముక్కలా బిగుసుకుని ఉంటాయి. వేలితో నొక్కి పల్లం సరిచేద్దామంటే మాట వినవు. కుందేలు బొచ్చుతో చేసిన మంచి ఫెల్ట్ కావాలంటే వంద పౌండ్లు దాటాల్సిందే. ఇక 1676 నుంచి లండన్‌లో టోపీలమ్ముతున్న లాక్ కంపెనీ, 1857లో ఇటలీలోని అలెస్సాండ్రియాలో పుట్టిన బోర్సలీనో లాంటి పెద్ద పేర్ల జోలికి వెళితే ఆ లెక్కే వేరు. “అసలు ఇందులో ఖరీదు దేనికో తెలుసుకుందాం పద మావయ్యా, ఆ తర్వాతే కొందువుగాని” అని నన్ను రైలెక్కించింది ఆ అమ్మాయే.

మిల్లు పేరు వెల్లింగ్టన్ మిల్. 1830-31లో నూలు మిల్లుగా కట్టారు, తరవాత కొంతకాలం అందులో టోపీలూ తయారయ్యాయి. 2000లో మ్యూజియం అయింది. మరమ్మతులయ్యాక 2024లో మళ్లీ తలుపులు తెరిచారు. అద్దాల బీరువాల్లో రకరకాల టోపీలున్నాయి, బాగున్నాయి. నా కాళ్లు మాత్రం యంత్రాలున్న అంతస్తులో ఆగిపోయాయి.

ఫెల్ట్‌కు మగ్గం లేదు, పడుగూ పేకా లేవు, దారమే లేదు. కుందేలు బొచ్చులో ఒక్కొక్క వెంట్రుక మీదా కంటికి కనిపించని సన్నటి పొలుసులుంటాయి. వేడినీళ్లూ ఒత్తిడీ తగిలితే ఆ పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని ఇక విడిపోవు. ఫెల్ట్ అంటే అంతే. చిల్లుల రాగి శంకువు ఒకటి తిరుగుతూ ఉంటుంది, లోపలి నుంచి గాలి పీలుస్తూ ఉంటుంది. పైనుంచి వదిలిన బొచ్చు దాని చుట్టూ పల్చటి పొరలా అంటుకుంటుంది. దాని మీద వేడినీళ్లు కొట్టి జాగ్రత్తగా ఊడదీస్తే పెద్ద సంచీ అంత మెత్తటి శంకువు చేతికొస్తుంది. దాన్ని మరిగే నీళ్లలో ముంచుతూ, చుడుతూ, నలుపుతూ కుదిస్తారు. కుదించినకొద్దీ దట్టమవుతుంది. టోపీ ధరలో చాలా భాగం ఈ కుదింపులోనే ఉందని నాకు అక్కడ అర్థమైంది. ఉన్ని ఫెల్ట్ అంత సన్నగా, అంత బిగువుగా రాదు. ఆ లోటు పూడ్చడానికి గంజిలాంటి గట్టిపరిచే మందు ఎక్కువ పట్టిస్తారు. దుకాణాల్లో నేను చూసిన అట్టతనం అదే.

యంత్రాలు రాకముందు బొచ్చు ఏకడానికి వాడిన పరికరం గురించి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మనిషి కంటే పొడవైన విల్లు, దానికి జంతువు పేగుతో చేసిన నారి, పైకప్పు నుంచి వేలాడదీసిన తాడు. బల్ల మీద పరిచిన బొచ్చుకు నారిని ఆనించి మీటితే ఆ అదురుకు బొచ్చు విడివడి, గాల్లోకి లేచి, సమానంగా పరుచుకునేది. చిన్నప్పుడు కర్నూల్లో మా వీధిలోకి పరుపుల దూది ఏకడానికి వచ్చే దూదేకుల సాయిబు విల్లు సరిగ్గా ఇదే. అదే టంగుమనే మోత, అదే తెల్లటి తుక్కు. ఎక్కడి కర్నూలు, ఎక్కడి స్టాక్‌పోర్ట్! మెత్తటిదాన్ని విడదీయాలంటే నారి మీటాలని రెండు చోట్లా మనుషులకు తెలుసు.

ఆ పనివాళ్లు పడ్డ బాధ చెప్పకుండా ముందుకు పోలేను. బొచ్చు బాగా చిక్కుకోవాలని దానికి పాదరసం కలిసిన ద్రావణం పూసేవారు. ఆరితే బొచ్చు కొసలు క్యారట్ రంగుకు తిరిగేవి. ఆవిరి గదుల్లో ఆ పాదరసం ఊపిరితోపాటు లోపలికి పోయేది. చేతులు వణకడం, మాట తడబడడం, మనసు కకావికలవడం… అమెరికాలో టోపీల పట్నమైన డాన్‌బరీలో ఆ వణుకుకు ఊరి పేరే పెట్టారు. అక్కడ 1941లో గానీ ఈ వాడకం ఆగలేదు. ఆలిస్ కథలో వచ్చే పిచ్చి టోపీలాయన్ని చదివి మనం నవ్వుకుంటాం. ఈ అంతస్తులో నిలబడ్డాక నాకిక ఆ నవ్వు రాదు.

మ్యూజియంలో ఒకరు చెప్పగా, అక్కణ్ణించి బస్సులో వెళ్లేంత దూరంలో పాత టోపీలు బాగుచేసే చిన్న కార్ఖానాకు వెళ్లాం. ఒకే గది. గోడలకు కప్పు దాకా అరలు, అరల నిండా తలకాయల్లాంటి చెక్క దిమ్మలు, ఒక్కోదాని మీదా ఒక అంకె. మూలన ఇత్తడి కెటిల్ ఆవిరి కక్కుతోంది. అరవై దాటిన ఆవిడ ఒక్కతే పనిచేస్తోంది. నాకు కావలసింది ఏమిటో, నా దగ్గరున్నది ఎంతో చెప్పాను. “కొత్తది వద్దు, పాతది తీసుకోండి. ఆకారం చూడకండి, ఫెల్ట్ చూడండి. ఆకారం నా పని” అంది.

నా వెతుకులాటకంతటికీ జవాబు ఆ మాటలోనే ఉంది. నలిగిపోయి, అంచు వంకర తిరిగి, రిబ్బను వెలిసిన టోపీని జనం పనికిరానిదని పారేసినంత ధరకు అమ్ముతారు. కానీ 1940, 50ల్లో ఇంగ్లండ్‌లో మామూలు గుమాస్తా పెట్టుకున్న టోపీ కూడా చాలావరకు బొచ్చు ఫెల్టే. యుద్ధం ముగిశాక సైన్యం నుంచి ఇంటికి పంపేటప్పుడు సర్కారు ఇచ్చిన సూటుతో పాటు టోపీ కూడా ఉండేది. అలాంటివి పాత సామాన్ల సంతల్లో, ధర్మసంస్థల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి.

ఎలా చూడాలో ఆవిడ చేతికిచ్చి నేర్పింది. అంచును మెల్లగా మడిచి వదిలితే ముడత మిగలకుండా లేవాలి. వేలితో రాస్తే పీచు తగలకూడదు, నునుపైన తోలులా జారాలి. లోపలి చెమటపట్టీ తోలుదై ఉండాలి, చిట్లినా పరవాలేదు, మార్చుకోవచ్చు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సూది బెజ్జాలంత వెలుగు కనిపించిందంటే పురుగు తిన్నట్టు, దానికి మందు లేదు. కొలత అర సైజు తక్కువైతే సాగదీయొచ్చు. అంచు వెడల్పైతే కోయొచ్చు. కోసేసిన అంచును ఎవరూ పెంచలేరు. అందుకే చిన్న అంచుల ట్రిల్బీని తెచ్చి ఫెడోరా చేయమంటే ఆవిడ ఒప్పుకోదు. బ్రిటన్ సైజుకూ అమెరికా సైజుకూ అంకెలో ఎనిమిదో వంతు తేడా ఉంటుందని, పాత టోపీ ఎక్కడిదో చూడకుండా అంకెను నమ్మొద్దని కూడా చెప్పింది.

ఆవిడ అరలోంచే ఒకటి తీశాను. బూడిదరంగు, నెత్తి చప్పిడిపడి, చూడ్డానికి దిక్కులేనట్టుంది. లోపలి పట్టీ మీద బంగారు అక్షరాలు సగం అరిగి ‘బ్యాటర్స్‌బీ’ అని ఉంది. స్టాక్‌పోర్ట్‌లోనే టోపీలు చేసిన పాత కంపెనీ. అంటే ఈ టోపీ పుట్టిన ఊరు దాటి పెద్ద దూరం పోలేదు. ధర 20 పౌండ్లు.

రిబ్బను కుట్లు ఒక్కొక్కటే బ్లేడుతో తెంపింది. రిబ్బను ఊడగానే దాని కింద దాగిన ఫెల్ట్ కనిపించింది. ఎండ తగలని ఆ పట్టీ మేర ముదురు పావురాయి రంగు, చాయ కొంచెం నీలం వైపు. మిగతా టోపీ అంతా ఒకప్పుడు అదే రంగులో ఉండేదన్నమాట. లోపలి పట్టీ కూడా తీసేసి టోపీని ఆవిరి మీద పట్టింది. “1940కి ముందువి వస్తే కిటికీలు తీసి, చేతులకు తొడుగులేసుకుని చేస్తాను, అందులో పాదరసం ఉండొచ్చు. ఇది తరవాతిదే, భయం తక్కువ” అంది. అయినా కిటికీ తెరిచే ఉంచింది. నిమిషంలో టోపీ పాత గుణాలన్నీ మరిచిపోయినట్టు వదులైపోయింది. పల్లాలు మాయమయ్యాయి. దాన్ని దిమ్మ మీదికి రెండు బొటనవేళ్లతో లాగి, అంచు మొదలయ్యే చోట తాడు చుట్టి, చిన్న కొయ్య పరికరంతో తాడును చుట్టూ కొంచెం కొంచెంగా కిందికి దించింది. అంత బలం పట్టే పనని నేననుకోలేదు. ఆవిడ మెడ నరాలు పైకి తేలాయి. మా మేనకోడలు సాయం చేయబోతే వద్దంది. లాగుడు ఒక పక్క ఎక్కువైతే ఫెల్ట్ పల్చబడుతుందట.

అది దిమ్మ మీద రాత్రంతా ఆరాలి. ఈలోగా నా తల కొలిచింది. టేపుతో 58 సెంటీమీటర్లు, బ్రిటన్ లెక్కలో ఏడూ ఒకటిబై ఎనిమిది. అక్కడితో ఆగలేదు. నల్లటి మీటలు వరసగా పేర్చి చేసిన కిరీటం లాంటి యంత్రం తీసి నెత్తిన పెట్టింది. 1843లో పారిస్‌లో పుట్టిన పరికరం, పేరు కన్ఫార్మేటర్. తల ఒంపును బట్టి మీటలు కదులుతాయి, పైనున్న చిన్న కాగితం మీద సూదిమొనలు తల ఆకారాన్ని ఆరో వంతు సైజులో గుచ్చుతాయి. ఆ కాగితం అరచేతిలో పెట్టింది. ముందు సన్నగా, వెనక వెడల్పుగా, ఎడమ పక్క కొంచెం ఉబ్బుగా ఉన్న కోడిగుడ్డు. నా టోపీలన్నీ ఎప్పుడూ కుడివైపే ఎందుకు వదులుగా ఉండేవో ఇప్పుడు తెలిసింది.

మర్నాడు సాయంత్రానికి పని పూర్తయింది. సన్నటి గరుకు కాగితంతో రుద్దితే ఎండకు వెలిసిన పొర పోయి నీలం చాయ చాలావరకు తిరిగొచ్చింది. నెత్తిన కన్నీటిబొట్టు ఆకారంలో పల్లం, ముందు రెండు నొక్కులు చేత్తోనే వేసింది. రిబ్బను మారింది, తోలు పట్టీ మారింది. పనికి 45, టోపీకి 20, వెరసి 65 పౌండ్లు. మన లెక్కలో ఏడు వేల పైచిలుకు. ఈ నాణ్యత కొత్తదానికి ఇంతకు రెట్టింపు పెట్టినా దొరకదు. నెత్తిన పట్టుకుని ఎత్తకుండా అంచు పట్టుకుని తీయాలి, బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టాలి, పెట్టెలో కలరా ఉండలు మరవకూడదు. మన డిసెంబరు, జనవరి చలికి ఇది భేషుగ్గా సరిపోతుంది. మిగతా నెలల్లో ఈక్వడార్‌లో ఆకుల పీచుతో అల్లే పనామా టోపీయే మన ఎండలకు దారి.

బయల్దేరబోతూ ఆ దిమ్మల గురించి అడిగాను. ఆవిడ ముఖం మారింది. దిమ్మలు చెక్కే చేతులు బ్రిటన్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా మిగల్లేదు. కనుమరుగవుతున్న చేతిపనుల జాబితాలో, అత్యంత ప్రమాదంలో ఉన్న వాటి వరసలో ఈ పని ఉంది. ఉన్న దిమ్మ పగిలితే కొత్తది టోపీ కంటే ఖరీదు. దిమ్మ లేకపోతే ఎంత మంచి పాత ఫెల్టైనా చెత్తబుట్టకే. “మీ వైపు చెక్క చెక్కేవాళ్లున్నారా?” అని అడిగింది. కొండపల్లి బొమ్మల గురించి చెప్పాను. ఫోన్‌లో ఫొటోలు చూసి చాలాసేపు తిప్పింది. ఆ బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్క మరీ తేలిక, ఆవిరికీ మేకులకూ నిలవదని నాకు తెలుసు, ఆవిడకూ అదే అనుమానం వచ్చింది. అయినా గోధుమరంగు కాగితం పరిచి, నా సైజు దిమ్మను పైనుంచీ పక్కనుంచీ గీసి, కొలతలన్నీ వేసి ఇచ్చింది. ఎత్తు ఐదున్నర అంగుళాలు, చుట్టుకొలత 58 సెంటీమీటర్లు, కణుపుల్లేని, బాగా ఆరిన చెక్క.

ఆ కాగితం ఫొటో కొండపల్లిలో తెలిసిన కళాకారుడికి రైల్లోంచే పంపాను. పొణికి వద్దని ఆయనా అన్నాడు. ఆవిరికి బీటలివ్వని చెక్క ఏదో అడితిలో కనుక్కుని, రెండు దిమ్మలకు ఎంతవుతుందో చెబుతానన్నాడు. ఒకటి నాకు, ఒకటి ఆవిడకు.