బానెట్ కింద పెట్టె

బావ బండి పేరు ఇక్కడ రాయను. జరిగినదాంట్లో దాని తప్పు ఇసుమంత కూడా లేదు. తెల్లటి ఏడు సీట్ల డీజిల్ బండి, 2014లో కొన్నాడు. మార్కాపురంలో పలకరాయి వ్యాపారం ఆయనది. వారంలో నాలుగు రోజులు క్వారీల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఆదివారం మాత్రం తనే బకెట్టు పట్టుకుని బండి కడుక్కుంటాడు, పనివాళ్ళని చెయ్యి వెయ్యనివ్వడు.

నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. హైదరాబాదులో పగలు జావా, రాత్రి నవలలు, ఆ రెండింటి మధ్యా ఇంజన్ల గురించి చదవడం. మహీంద్రా ఎంహాక్ ఇంజను స్కార్పియోలో 120 హార్స్‌పవర్ ఇస్తే, అదే 2.2 లీటర్ల ఇంజను ఎక్స్‌యూవీ 500లో 140 ఇచ్చేది. అది చదివాక మనసు ఆగలేదు. ఇనుము అదే అయితే మిగతా ఇరవై గుర్రాలూ ఎక్కడున్నట్టు? కోడ్‌లోనే కదా! (ఇనుమూ పూర్తిగా అదే కాదు. కానీ ఆ వయసులో నాకు సగం నిజం చాలు.)

పాత డీజిల్ ఇంజన్లలో పంపే ఒక్కో సిలిండరుకీ వంతులవారీగా డీజిల్ అందించేది. కామన్ రైల్‌లో పంపు పని ఒక గొట్టంలో ఒత్తిడి నింపి ఉంచడమే. ఆ గొట్టమే రైల్. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన పద్ధతి ఇది. కారు టైర్లో ఒత్తిడి రెండు బార్ల చిల్లర, ఈ గొట్టంలో 1,600 బార్ల దాకా పోతుంది. ఏ ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరుచుకోవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. రైల్లో ఒత్తిడి ఎంతుందో కంప్యూటర్‌కి చెప్పేది ఒక చిన్న సెన్సర్. మూడు వైర్లు, ఐదు వోల్టుల లోపు సంకేతం.

నేను కొన్న పెట్టె ఆ సెన్సర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కూర్చుంటుంది. దీన్నీ అందరూ చిప్ అనే అంటారు. అసలు చిప్ ట్యూనింగ్ అంటే కంప్యూటర్ లోపలి పట్టికల్ని తిరగరాయడం. ఇది దేన్నీ తిరగరాయదు, మధ్యలో కూర్చుని అబద్ధం చెబుతుంది. రైల్లో 1,300 బార్లుంటే 1,200 అంటుంది. అయ్యో తగ్గిందే అని కంప్యూటర్ ఒత్తిడి పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం అదే, ఒత్తిడి మాత్రం ఎక్కువ, కాబట్టి పడే డీజిల్ ఎక్కువ. చవక రకాల్లో లోపల ఒక రెసిస్టర్ తప్ప ఏమీ ఉండదట. నాదానికి డయల్ కూడా ఉంది, ఒకటి నుంచి తొమ్మిది దాకా.

ముందు బావని అడిగాను. "ఎంత పవర్ పెట్టాలో కంపెనీవాడికి తెలీదంట్రా?" అన్నాడు. నవ్వేశాడు. అక్కడితో మాట అయిపోయింది.

తర్వాతి నెల ఓ ఆదివారం, భోంచేసి ఆయన పడుకున్నాక, నేనే బిగించేశాను. ఇరవై నిమిషాల పని. డయల్ మూడు మీద పెట్టాను. కొన్నాళ్ళు చూసి, బాగుంటే అప్పుడు చెబుదామనుకున్నాను. ఇలాంటి పనులన్నీ ఈ వాక్యంతోనే మొదలవుతాయేమో.

రెండు వారాలకి బావ ఫోన్. "బండి భలే లేస్తోంది రా ఈమధ్య. మైలేజీ కూడా. పన్నెండు చూపించేది పదమూడు దాటింది. మన బంకాయన దగ్గర డీజిల్ అంత సుబ్బరంగా ఉంటది." ఆ బంకులో ఆయనకి ఇరవై ఏళ్ళ ఖాతా. నేను ఊఁ అన్నాను. మైలేజీ పెరగలేదని నాకు తెలుసు. కాల్చిన డీజిల్‌ని కంప్యూటర్ ఎక్కడా కొలవదు, ఒత్తిడినీ ఇంజెక్టర్ తెరుచుకున్న సమయాన్నీ బట్టి లెక్క కడుతుంది. ఒత్తిడి అంకె దొంగదైతే తెర మీది మైలేజీ కూడా దొంగదే. ట్యాంకు నింపి, మళ్ళీ నింపి, లీటర్లు లెక్కేసుకుంటే తేలిపోయేది. బావ తెరనే నమ్మాడు.

ఆ ఏడాదే, 2015 సెప్టెంబరులో, ఫోక్స్‌వాగన్ బండారం బయటపడింది. పరీక్ష జరుగుతోందని కనిపెట్టి, అప్పుడు మాత్రం పొగ తక్కువ వదిలే సాఫ్ట్‌వేర్. లోకమంతటా కోటీ పది లక్షల బండ్లలో. ఆఫీసులో టీ దగ్గర అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. ఆ కోడ్ రాసినవాడు ఇంటికెళ్ళి పిల్లలకేం చెబుతాడు అన్నాను కూడా.

కార్తీక మాసంలో శ్రీశైలం బయల్దేరాం. అమ్మ, అక్క, పిల్లలిద్దరు, బావ, బావ వాళ్ళమ్మ, నేను, పైన సామాను. ఇంత బరువుతో ఘాట్ ఎక్కాలని ముందు రోజు రాత్రి ఎవరూ చూడకుండా డయల్ ఆరుకి తిప్పాను. దోర్నాల దాటాక తుమ్మలబయలు దగ్గర్లో, ఎత్తులో, పసుపు దీపం వెలిగి బండి ఒక్కసారిగా చచ్చుబడింది. యాక్సిలరేటర్ తొక్కుతున్నా పాకుతోంది. అడిగిన ఒత్తిడికీ వస్తున్నదానికీ పొంతన కుదరక కంప్యూటర్ తనని తాను కాపాడుకుంటోందని నాకు అర్థమైంది. నల్లమల, చీకటి పడుతోంది, ఫోన్లకి సిగ్నల్ లేదు. రాత్రయితే గేట్లు మూసేస్తారు. అమ్మ లోపల శివనామం మొదలుపెట్టింది.

నేను దిగి, ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని, పెట్టె పీకేసి జేబులో వేసుకున్నాను. తొడకి కాలుతోంది. సెన్సర్ వైరు మళ్ళీ దాని చోట గుచ్చాను. ఆపి స్టార్ట్ చేస్తే బండి మామూలుగా కదిలింది.

"ఏమైందిరా?"

"వైరు లూజైంది బావా."

ఆ రాత్రి సత్రంలో, తర్వాత ఊళ్ళో, పెళ్ళిళ్ళలో, బావ ఈ కథ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. మా బామ్మర్ది లేకపోతే పిల్లలతో అడవిలో ఉండేవాళ్ళం అనేవాడు. పక్కన నేనుంటే భుజం తట్టి మరీ.

నాలుగు నెలలకి ఇంజన్లో టకటకా చప్పుడు, నల్ల పొగ. సర్వీస్ సెంటర్ వాళ్ళు ఇంజెక్టర్లు పోయాయన్నారు. బయట ఫిట్టింగులేమైనా చేయించారా అని అడిగారట. అలాంటిదేం లేదని బావ గట్టిగా చెప్పాడు. ఆయనకి తెలిసినంతలో అది నిజమే. అయితే డీజిల్ కల్తీ అయ్యుంటుందన్నారు వాళ్ళు, కల్తీకి వారంటీ రాదన్నారు. నాలుగు ఇంజెక్టర్లకీ కలిపి లక్ష దగ్గరికొచ్చింది.

పెట్టె వల్లే పోయాయని ప్రమాణం చేయలేను. కాదనీ చేయలేను. మైక్రాన్ల సందుల్లో కదిలే భాగాలవి, నెలల తరబడి వాటి మీద లేనిపోని ఒత్తిడి పెట్టింది నేను. బావకైతే ఏ అనుమానమూ లేదు. నేరుగా బంకుకెళ్ళి నలుగురి ముందూ ఆయన్ని అడగకూడని మాటలడిగాడు. ఆయన సీసాలో డీజిల్ పట్టిచ్చి, పరీక్ష చేయించుకోమన్నాడట. బావ ఆ సీసా అక్కడే పారబోసి వచ్చాడు. ఖాతా మూసేశాడు.

నేను లక్షలో సగం ఇస్తానన్నాను. "నీకెందుకురా సంబంధం?" అన్నాడు బావ. అది మంచి అవకాశం. అక్క కాఫీ పట్టుకుని వచ్చింది, నేను కాఫీ తాగాను.

పెట్టె ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, డయల్ ఆరు మీదే. బావ వెబ్ పత్రికలు చదవడు. అక్క చదువుతుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు బావ నన్ను బస్సెక్కించడానికి బయల్దేరాడు. డీజిల్ లేదు. ఊరి బయట బంకు దాటి, ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయి పట్టించాలి. దాటుతుంటే బంకాయన కుర్చీలోంచి చూసి చెయ్యెత్తాడు, బావకో నాకో తెలీదు. బావ అటు చూడలేదు. నేను ఫోన్ తీసి బస్సు ఎక్కడుందో చూశాను.