కెటిల్‌లో తెల్లపొర

మొన్న శనివారం మా ఇంట్లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ జరిగాయి. శాన్ ఆంటోనియోలో ఉన్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఇక్కడి నీళ్ళు ఎక్కువగా ఎడ్వర్డ్స్ ఆక్విఫర్ అనే సున్నపురాతి పొరల్లోంచి వస్తాయి. కాఠిన్యం గాలనుకి 15 నుంచి 20 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ అంటే లీటరుకి 17.1 మిల్లీగ్రాములు. 180 మిల్లీగ్రాములు దాటితేనే 'చాలా కఠిన జలం' అంటారు, లెక్క మీరే వేసుకోండి. ఫలితం: కెటిల్ అడుగున తెల్లటి పెచ్చులు, సగం చిల్లులు మూసుకుపోయి నీళ్ళని గోడకేసి కొట్టే షవర్.

ప్లాస్టిక్ సంచీలో వెనిగర్ పోసి, షవర్ తలకి రబ్బరు బ్యాండుతో కట్టి, ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడ్డాను. మిగిలిన వెనిగర్ కమోడ్‌లో పోయబోతూ చటుక్కున ఆగాను. అందులో అప్పటికే బ్లీచ్ పోసి ఉంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మీరూ జాగ్రత్త.

నల్లగొండ నుంచి వచ్చిన మా అమ్మ ఇదంతా చూసి, "గీ సీసాలన్నీ ఎందుకు బిడ్డా, ఇంట్ల చింతపండు లేదా?" అంది. కెటిల్‌లో చింతపండు నీళ్ళు పోసి మరిగించింది. సన్నగా బుడగలొచ్చాయి, కాసేపటికి పెచ్చులు మెత్తబడి ఊడొచ్చాయి. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం చేసే పనే చింతపండులో టార్టారిక్ ఆమ్లం చేస్తుంది.

ఆ హుషారులో టబ్ కూడా తోముతానని కింద కూర్చుంది. లేచేటప్పుడు టబ్ అంచు పట్టుకుని, నడుం నిటారు చెయ్యలేక కాసేపు అలాగే వంగి ఉండిపోయింది. "ఏం లేదు, జర పట్టింది" అంది.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాది మర్రిగూడ వైపు. ఆవిడ చివరి పదేళ్ళూ వంగే నడిచింది. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎక్కువైన ఫ్లోరైడు కెటిల్‌లో పొరలా కనపడదు, మరిగిస్తే పోదు, ఆవిరైన నీళ్ళ మేర ఇంకాస్త చిక్కబడుతుంది. పటికతో, సున్నంతో దాన్ని తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు. ఇప్పుడు పైపుల్లో కృష్ణ నీళ్ళొస్తున్నాయి సరే, నలభై ఏళ్ళు బోరునీళ్ళతో ఎముకల్లో పేరుకున్నది అంత తేలిగ్గా కదలదు.

రాత్రి కూర్చుని వెతికితే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2002లో ప్రచురించిన పరిశోధన ఒకటి దొరికింది. బడిపిల్లలకి రోజూ పది గ్రాముల చింతపండు పెడితే, మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందట. పొద్దున్నే అమ్మకి చెప్పాను.

"రోజూ పులుసు తిన్న మీ నాయనమ్మ నడుం లేచిందా?" అంది, టీ కలుపుకుంటూ.

నా దగ్గర జవాబు లేదు. చిన్న అధ్యయనం చెప్పేది అది చెప్పినంతవరకే. మందు అనలేదు వాళ్ళు, అనుకోవాలనుకున్నది నేను.

మంగళవారం ఎక్స్‌రేకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. విజిటర్ ఇన్సూరెన్సు ఇస్తుందో లేదో తర్వాత సంగతి. కెటిల్ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.