ఒక పెట్టెలో రెండు కాపురాలు

నా లాప్‌టాప్‌లో రెండు నిర్వాహక వ్యవస్థలు కాపురముంటున్నవి. మీట నొక్కగానే 'గ్రబ్' అను ద్వారపాలకుడు ఎదురై, ఉబుంటులోనికా, విండోసు 10లోనికా అని అడుగుతాడు. విండోసు 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున దానిని అంతర్జాలమునకు దూరంగా ఉంచాను. "ఇంకా ఎందుకు నాన్నగారూ, తుడిచేద్దాం" అంటాడు మా అబ్బాయి.

ఎందుకంటే, అందులో మా నాన్నగారి శతకం ఉన్నది. 2001లో డీటీపీ చేయించాము. వ్రాతప్రతిని చెదలు తిన్నవి. ఆనాటి ఖతులు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకృతులను కూర్చోబెట్టినవి. ఆ ఖతి లేనిచోట తెరిస్తే చంపకమాల కాస్తా అర్థంలేని రోమను లిపి! యూనికోడు పద్ధతి వేరు. 'క్ష'ను అది ఆకారంగా గాక కకారము, పొల్లు, షకారము అని దాచుకుంటుంది. వ్యాకరణం చదివినవానికి ఇంతకన్న ఆనందమేమున్నది?

అందుచేత పద్యాన్ని విండోసులో చూచి, కాగితంపై వ్రాసుకొని, ఉబుంటులో మరల టైపు చేస్తున్నాను. మార్పిడి పరికరాలున్నవి గాని, అరసున్నలనూ బండిఱాలనూ వాటికి అప్పగించుటకు మనసొప్పదు.

అన్నట్టు, ఈ ఇద్దరికీ గడియారం దగ్గర పేచీ. ఉబుంటు యంత్రంలో గ్రీనిచి కాలం వ్రాసిపెడితే, విండోసు దానినే మన కాలమనుకొని అయిదున్నర గంటలు వెనుకబడుతుంది. దృగ్గణిత, పూర్వగణిత పంచాంగాలు రెంటినీ ఒకే మేకుకు తగిలించినట్టు! ఒక్క ఆదేశంతో సర్దవచ్చును, సర్దలేదు.

నిన్నటికి నలుబదియొకటవ పద్యం దాకా వచ్చాను. అందులో యతి తప్పినట్లున్నది. అది టైపు చేసినవాని పొరపాటో, నాన్నగారి ప్రయోగమో తేలేవరకు, అబ్బాయీ, ఆ విండోసు జోలికి రాకు.