మోడెం నోరు నొక్కేశాను

ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి పక్కవాడికి నెట్ ఇవ్వడానికి మీకు రెండు సెకన్లు చాలు. 2001లో నాకు రెండు రోజులు పట్టింది.

గుంటూరు అరండల్‌పేటలో ఓ ఆడిటర్ ఆఫీసు. నా మొదటి ఉద్యోగం. మూడు కంప్యూటర్లు, ఒకటే ల్యాండ్‌లైన్. మోడెం ఉన్నదేమో అన్నిటికన్నా పాత కంప్యూటర్‌కి. ఫోన్ సాకెట్ దాని పక్కనే ఉంది మరి. "మూడింట్లోనూ నెట్ రావాలి, నీ వల్ల అవుతుందా?" అన్నారు సార్. "అవుతుంది సార్" అనేశా. ఎలాగో తెలీదు!

విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో 'ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్' అని ఒకటుంది. సీడీ పెట్టి ఎక్కించా. మూడింటినీ హబ్‌కి కలిపా. లెక్క ప్రకారం పాత కంప్యూటర్ 192.168.0.1 అయి, మిగతా రెండింటికీ తనే అడ్రస్‌లు ఇవ్వాలి. వాటిలో చూస్తే 169.254తో మొదలయ్యే నంబర్లు! అంటే, అడ్రస్ ఎవరూ ఇవ్వక అవే సొంతంగా పెట్టుకున్నాయన్నమాట. తప్పు నాదే. నెట్ ఎటు నుంచి వస్తుందని అడిగిన చోట డయల్-అప్ అడాప్టర్ బదులు లాన్ కార్డు చూపించా. అది మార్చగానే పక్క కంప్యూటర్‌లో పేజీ మెల్లగా తెరుచుకుంది. ఒక్క 56కె మోడెం, ముగ్గురు పంచుకోవాలి. అయినా మాకు పండగే.

ఒకటే గొడవ. నెట్ కలిసేటప్పుడు మోడెం కీచుమని అరిచేది. సార్‌కి చిరాకు. సెట్టింగ్స్‌లోకెళ్లి స్పీకర్ పూర్తిగా తగ్గించేశా. ఇక పక్క కంప్యూటర్‌లో ఎవరు బ్రౌజర్ తెరిచినా, పాతది చప్పుడు లేకుండా తనే డయల్ చేసేసేది.

వారం తిరక్కుండానే ఓ మధ్యాహ్నం ఒక కుర్రాడు సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. మా పెద్ద గుమస్తాగారి పక్కింటివాడు. "బాబాయ్, పిన్ని కళ్లు తిరిగి పడిపోయింది. గంట నుంచి ఫోన్ చేస్తున్నాం, ఎంగేజ్ వస్తోంది!" ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు.

రెండు రోజులకి వచ్చారు. "షుగర్ పడిపోయిందట. ఇప్పుడు బానే ఉందయ్యా" అన్నారు. తిడతారనుకున్నా. తిట్టలేదు. "ఫోన్ నా చేతికందే దూరంలోనే ఉంది. ఒక్కసారీ మోగలేదు. ఎందుకంటావ్?" అని అడిగారు, నిజంగా తెలీకే. ఆ ప్రశ్నకి తల ఎత్తలేకపోయా. నెట్ నడుస్తున్నంతసేపూ లైన్ బిజీగా ఉంటుందని, చప్పుడు ఆపింది నేనేనని చెప్పేశా. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అది అరవడమే మంచిదిలే" అన్నారు.

ఆ రోజే సౌండ్ పూర్తిగా పెంచా. దానంతటది డయల్ చేయడం ఆపేశా. ఐదు నిమిషాలు ఎవరూ వాడకపోతే కట్ అయ్యేలా పెట్టా. నెట్‌కి పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట. చిరాకుపడ్డ సారే ఈసారి ఏమీ అనలేదు.

అప్పటి నుంచి నెట్ పెట్టే ముందు గుమస్తాగారు ఇంటికో ఫోన్ కొట్టేవారు. ఆయన రిసీవర్ పెట్టేదాకా నేను మౌస్ ముట్టుకునేవాణ్ని కాదు.