ఆలమూరు మేడ మీద జెముడు మొక్కలు

విజయవాడ వైపు నుంచి ఆలమూరుకు వచ్చేవారు గోదావరిని రెండుసార్లు దాటవలసి ఉంటుంది. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటాక గౌతమి. రెండో వంతెన దిగగానే జొన్నాడ. అక్కడ బస్సు దిగి, మండపేట వైపు వెళ్ళే ఆటో ఎక్కితే కొద్దిసేపట్లో ఆలమూరు వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు ఈ మండలం కోనసీమ జిల్లాలో చేరింది కానీ, నదీపాయల నడుమనున్న అసలు కోనసీమ గౌతమికి అవతలి ఒడ్డున ఉంది. ఇది ఇవతలి ఒడ్డు. మా నానీని అడిగితే మాత్రం, కొబ్బరిచెట్టు నీడ పడే ఊరంతా కోనసీమేనని తేల్చేస్తుంది.

వివాహానంతరం నేను కడపలో స్థిరపడి ఇరవై ఏళ్ళు దాటింది. అక్కడ జెముడు మొక్కను ఎవరూ పెంచరు, అదే పెరుగుతుంది. గుట్టల మీద, చేలగట్ల మీద, రాళ్ళ సందుల్లో బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు పొదలు పొదలుగా కనిపిస్తాయి. మేక సైతం నోరు పెట్టని మొక్క గనుక రైతులు కంచెగా నాటుకుంటారు. ఏళ్ళ తరబడి వాటిని చూస్తూ చూస్తూ వాటి మీద నాకొక మమకారం ఏర్పడింది. ఇంటి ముందు పది కుండీలు చేరాయి. సెలవులకు ఆలమూరు వచ్చినప్పుడల్లా ఖాలా కోసం ఒకటి రెండు కొమ్మలు కాగితంలో చుట్టి తెచ్చేదాన్ని. అవి మూడు నెలలైనా బతికేవి కావు. కడపలో ఎవరూ పట్టించుకోకపోయినా బతికే మొక్క, ఇక్కడ ఎంతో ఆదరణ పొంది కూడా చనిపోయేది.

కారణం తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఒకనాటి ఉదయం ఫజ్ర్ వేళ మేడ మీదికి వెళ్ళాను. నానీ వుజూ చేసుకుని, చెంబులో మిగిలిన నీటిని ఒక్కొక్క కుండీలో పోస్తూ ఉంది. రోజుకు అయిదు పూటలూ అదే పద్ధతి. నీరు వృథా కారాదన్నది ఆమె నియమం. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని దుబారా చేయరాదని దైవప్రవక్త (స) హజ్రత్ సాద్ (రజి)కు బోధించినట్లు ఇబ్నెమాజాలో ఒక ఉల్లేఖనం ఉంది. నానీ దానిని అక్షరాలా పాటిస్తున్నది. అయితే ఆమె పుణ్యమంతా పాపం ఆ జెముడు మొక్కల వేళ్ళ మీద పడుతున్నది!

ఇక్కడ ఆ మొక్క స్వభావాన్ని కొంత చెప్పుకోవాలి. జెముడు జాతులను వృక్షశాస్త్రం యుఫోర్బియా అంటుంది. ఈ ప్రజాతిలో దాదాపు రెండు వేల జాతులున్నాయి. మన పెరట్లో కలుపుగా మొలిచే నానుబాలు మొక్క కూడా ఈ కుటుంబపు బిడ్డే. వాటిలో కండగల కాండంలో నీటిని దాచుకునే జాతులనే మనం కుండీల్లో పెంచుతాము. చాలామంది వీటిని కాక్టస్ అని పొరబడతారు. గుర్తుపట్టడం కష్టం కాదు: జెముడును ఎక్కడ గిల్లినా తెల్లని పాలు వస్తాయి, నాగజెముడు వంటి కాక్టస్‌లకు అలాంటి పాలు రావు. (పేరులో జెముడు ఉన్నంత మాత్రాన నాగజెముడు ఈ కుటుంబానిది కాదు. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన పరాయిది.) ఎండదేశపు మొక్క గనుక వీటిలో చాలా జాతులు పగలు ఆకురంధ్రాలను మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి ఊపిరి పీల్చుకుంటాయి. అంత పొదుపుగా బతికే ప్రాణి వేళ్ళను అస్తమానం తడిలో నానబెడితే కుళ్ళక ఏమవుతుంది? ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన కురిసే నేల ఇది. నైరుతి వానలు సెలవు తీసుకునేలోగా ఈశాన్య ఋతుపవనాలూ, తుఫాన్లూ వస్తాయి. గాలిలోనే తడి ఉంటుంది. పైగా కుండీలో నింపినది గోదావరి ఒండ్రుమట్టి. అరటికీ, కందకూ ప్రాణం పోసే ఆ మట్టే జెముడుకు ఊపిరాడనివ్వదు.

ఈ సంగతి నాకు విడమరచి చెప్పింది కడియపులంకలోని ఒక నర్సరీ కూలీ. ఆ రోజు ఖాలానూ, ఆమె మనవణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళాను. జొన్నాడ నుంచి జాతీయ రహదారి మీద రాజమహేంద్రవరం వైపు సాగితే మడికి దాటాక రోడ్డుకు ఇరువైపులా మొక్కల లోకం మొదలవుతుంది. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, జేగురుపాడు — ఊళ్ళకు ఊళ్ళే నర్సరీలు. దేశం నలుమూలలకూ ఇక్కడి నుంచి లారీల్లో మొక్కలు వెళ్తాయి. లారీ వెనుక భాగంలో తలలూపుతూ పోయే తాటిజాతి మొక్కలను చూస్తే అడవి వలసపోతున్నట్లుంటుంది.

జెముడు జాతులున్న మూల వేరే ఉంది. పైన పచ్చని నీడవల, దాని కింద ఎత్తైన బల్లల మీద వరుసగా కుండీలు. మడగాస్కర్ ద్వీపపు ముళ్ళ యుఫోర్బియా — దానిని 1821లో ఫ్రాన్సుకు చేర్చిన మిలియస్ అనే రీయూనియన్ గవర్నరు పేరు మీద యుఫోర్బియా మిలీ అంటారు — ఎరుపు, గులాబి, లేత పసుపు పూలతో విరగబూసి ఉంది. థాయిలాండులో సంకరం చేసిన రకాల పూలగుత్తులు పిడికిలంత ఉన్నాయి. నిజానికి మనం పూరేకులనుకునేవి పూలు కావు, రంగు తేలిన పత్రాలు. అసలు పువ్వు వాటి నడుమ ఆవగింజంత ఉంటుంది. మరో బల్ల మీద కోడిజుట్టులా ముడతలు పడిన తల ఒకటి, దాని కింద పచ్చని కాండం. చూడటానికి ఒకే మొక్క, నిజానికి రెండు. కింది వేరుమొక్క మన ఆకుజెముడు. దాని తలను కోసి, చీలికలో విసనకర్ర ఆకారపు వేరొక యుఫోర్బియా ముక్కను ఇమిడ్చి కట్టేస్తారు. ఆ అంటు కట్టే పని ఆ స్త్రీ చేతుల్లో నిమిషంలో పూర్తవుతున్నది. చేతులకు పాలిథిన్ సంచులు తొడుక్కుంది. పని జరుగుతున్నంత సేపూ మోచేయి కూడా ముఖం దగ్గరికి రానీయలేదు.

"అమ్మగారూ, ఇది ఆకలేస్తే ఏడ్చే బిడ్డ కాదండి. మీరు మరచిపోతేనే బాగుంటుంది," అన్నది.

ఆమె చెప్పినదీ, నేను తరువాత ఆచరణలో నేర్చుకున్నదీ కలిపి రాస్తున్నాను. ప్లాస్టిక్ కుండీ కన్నా మట్టికుండీ మేలు. అడుగున రంధ్రం పెద్దదిగా ఉండాలి, కింద పళ్ళెం పెట్టరాదు. మట్టి ఒక పాలు, గోదావరి ముతక ఇసుక ఒక పాలు, చితక్కొట్టిన ఇటుక ముక్కలు ఒక పాలు, బాగా మాగిన ఆకుఎరువు గుప్పెడు. కోనసీమలో కొబ్బరిపొట్టు ఊరికే దొరుకుతుంది గనుక అందరూ దానిని దట్టిస్తారు. అది నీటిని పట్టి ఉంచుతుంది. ఈ మొక్కకు అదే విషం. నీరు పోసే ముందు మట్టిలో వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడాలి. పొడిగా ఉంటేనే పోయాలి, పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోయాలి. వేసవిలో వారానికి రెండుసార్లు చాలు. వానాకాలంలో కుండీని చూరు కిందికి జరిపితే వారాల తరబడి చెంబు ముట్టనవసరం లేదు. నీడవల కింద పెరిగిన మొక్కను కొనుక్కొచ్చిన రోజే మేడ మీద నడి ఎండలో పెడితే కాండం తెల్లగా మాడిపోతుంది. పది రోజులు ఉదయపు ఎండ మాత్రం చూపించి, ఆ తరువాత పూర్తి ఎండకు అలవాటు చేయాలి. తెల్లని పిండినల్లి పడితే సబ్బునీటిలో ముంచిన గుడ్డతో సాయంవేళ తుడవాలి. మొదలు మెత్తబడి నల్లబడితే జాలి పడకుండా, లోపలి కండ శుభ్రంగా కనిపించేదాకా పైకి కోసుకుంటూ పోయి, మిగిలిన కొమ్మను తిరిగి నాటుకోవాలి. ఆ కొమ్మను కోసిన వెంటనే నాటరాదు. పాలు నీళ్ళతో కడిగి, నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, కోత మీద పొలుసు కట్టాకనే ఇసుకలో గుచ్చాలి. ఈ ప్రాంతంలో సంక్రాంతి వెళ్ళిన తరువాతి రెండు నెలలూ అందుకు అనువైనవి.

ఈ చివరి పనిలోనే నేను తప్పు చేశాను.

కడియపులంక నుంచి వచ్చిన మూడో రోజు, పాత కాడజెముడు ఒకటి మొదలు కుళ్ళితే కొమ్మలు కోశాను. ముక్కలను పెరటి అరుగు మీద ఆరబెట్టి, కత్తిని పక్కనే ఉంచి, అస్ర్ నమాజుకు లేచాను. నమాజు ముగించి సలామ్ చెప్పేసరికి పెరట్లో కేక. ఖాలా మనవడికి ఆరేళ్ళు. ఆకుల్లేని ఆ పచ్చని పుల్లలు వాడికి ఆటవస్తువుల్లా కనిపించాయి. విరిచాడు, చేతికంటిన పాలతో కన్ను నులుముకున్నాడు.

నానీ గులాబ్ జల్ సీసా తెచ్చింది. ఎవరో చనుబాలు పిండమన్నారు. మరొకరు నెయ్యి అన్నారు. కడియపులంక స్త్రీ చెప్పిన మాట ఒక్కటే నాకు గుర్తుకొచ్చింది: నీళ్ళు, నీళ్ళు, ఇంకా నీళ్ళు. వాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, రెప్పలు విడదీసి పట్టుకుని, పావుగంట పాటు శుభ్రమైన నీటిని ధారగా పోశాము. వాడు తన్నాడు, అరిచాడు. అప్పుడు కాస్త తెరిపిన పడ్డట్లే కనిపించాడు. కానీ ఈ పాల గుణం అది: మొదట మంట తగ్గినట్లుండి, కొన్ని గంటలకు మళ్ళీ విజృంభిస్తుంది. రాజమహేంద్రవరంలో కంటివైద్యుని దగ్గరకు చేరేసరికి రెప్ప వాచి మూసుకుపోయింది. నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్నదని చెప్పి చుక్కలమందు ఇచ్చారు. వెంట ఒక కొమ్మముక్కను సంచిలో కట్టి తీసుకెళ్ళడం మంచిదయింది. ఏ మొక్కో తెలిసి వైద్యుని పని సులువైంది. నీళ్ళు తప్ప మరేదీ కంట్లో వేయకపోవడం ఇంకా మంచిదన్నారు.

ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే నాకు భరించరానిదైంది. తహజ్జుద్ వేళ నానీ తస్బీహ్ పక్కన పెట్టి, "ఇది థూహర్ బేటీ. నరకవాసులకు పెట్టే చెట్టు. ఇంట్లో ఎందుకు?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు నేను ఆ రాత్రి ఇవ్వలేదు. ఆమె మాటలో ఆధారం లేకపోలేదు. దివ్యఖుర్ఆన్‌లో అస్సాఫ్ఫాత్, అద్దుఖాన్, అల్‌వాఖిఅ సూరాలలో జఖ్ఖూమ్ వృక్ష ప్రస్తావన ఉంది. ఉర్దూ అనువాదకుల్లో కొందరు దానిని థూహర్ అన్నారు. థూహర్ అంటే మన జెముడే. యూనానీ వైద్యులు కూడా ఆకుజెముడును జఖ్ఖూమ్ అనే పేరుతో పిలుస్తారు. వినేవారికి చేదు, ముల్లు, మంట తెలియాలని తమ నేలమీది చెట్టును చూపించారు తప్ప, ఇదే అది అని కాదు. నరకపు అడుగు నుంచి మొలిచే వృక్షమని ఖుర్ఆన్ చెబుతున్నది; కడప గుట్ట మీద మొలిచేది ఎలా అవుతుంది? ఈ మొక్కను మన పూర్వీకులు అసహ్యించుకోలేదు కూడా. మొరాకో కొండల యుఫోర్బియా బంకను అరబ్బు వైద్యులు ఫర్బియూన్ అన్నారు. ఇబ్నె సీనా తన ఖానూన్‌లో దానికి చోటిచ్చాడు. మాలగాలో పుట్టి 1248లో దమాస్కసులో మరణించిన ఇబ్నుల్ బైతార్ వంటివారు ఇటువంటి మూలికల గుణదోషాలను నమోదు చేయడానికే జీవితాలు వెచ్చించారు. యుఫోర్బియా అనే పేరు కూడా ఆ ఉత్తరాఫ్రికాదే. అక్కడ మౌరెటానియాను ఏలిన రెండవ జుబా రాజు తన వైద్యుడు యుఫోర్బస్ పేరు దానికి పెట్టాడంటారు. మొరాకోలో నేటికీ ఆ పూల మీద వాలిన తేనెటీగల తేనెను కోరి కొంటారు. గొంతులో కాస్త మంట పుట్టిస్తుందట.

ఇదంతా నానీకి తరువాత చెప్పాను. ఓపికగా విని, "చెట్టు తప్పు కాదన్నావు. మరి కత్తి ఎవరు వదిలేశారు?" అన్నది. దానికి నా దగ్గర పుస్తకాలేవీ లేవు.

పన్నెండో రోజుకు పిల్లవాడి కన్ను తేటపడింది, అల్‌హమ్దులిల్లాహ్. మొక్కలన్నీ పారేస్తామని నేననుకున్నాను. ఖాలా ఒప్పుకోలేదు. మామూ పోయాక ఆ మేడ మీది కుండీలే ఆమెకు కాలక్షేపం. కాడజెముడును మాత్రం తీసేశాము. మిగిలినవాటిని పిల్లల చేతికందని ఎత్తులో, పిట్టగోడకు లోపలి వైపున ఇనుప బల్ల మీదికి చేర్చాము. కోతలన్నీ ఇక పిల్లలు బడికి వెళ్ళిన తరువాతనే. కంటికి అద్దాలు, చేతికి తొడుగులు, పని కాగానే కత్తి సబ్బుతో కడిగి అల్మారాలోకి. పిల్లవాడు ఇప్పుడు ఇంటికి వచ్చిన ప్రతివారినీ మేడ మీదికి లాక్కెళ్ళి, దూరం నుంచి వేలు చూపి, "పాలొస్తాయి, ముట్టుకోకూడదు," అని హెచ్చరిస్తున్నాడు.

నానీ వుజూ నీటికి కొత్త దారి దొరికింది: మెట్ల దగ్గరి కరివేపాకు చెట్టు. అది విపరీతంగా పెరిగి పక్కింటి వారికి కూడా సరిపోతున్నది. మొన్న అక్టోబరులో వాయుగుండం వార్త విని కడప నుంచి ఫోను చేశాను. గాలి హోరు మధ్య ఖాలా గొంతు సరిగా వినబడలేదు. వెనుక నుంచి నానీ మాట మాత్రం స్పష్టంగా వినిపించింది: "నీ ఎడారి బిడ్డలను నిన్ననే లోపల పెట్టించాను. నువ్వు నిద్రపో."