మిసిసిపీ దాటితే ఐరన్ మ్యాన్ ఎవరివాడు?

అద్దెకున్నాయన ఉండగానే ఇల్లు కొనుక్కోవడం మనకి తెలిసిన వ్యవహారమే. కొన్నాక ఖాళీ చెయ్యమంటాం, ఆయన సణుక్కుంటూ సామాన్లు సర్దుకుంటాడు. కానీ అద్దె కడుతున్నంతకాలం ఆయన్ని లేపకూడదని పాత కాగితంలో రాసుంటే? 2009లో సుమారు 400 కోట్ల డాలర్లు పెట్టి మార్వెల్ కంపెనీని కొన్నప్పుడు డిస్నీకి దొరికింది సరిగ్గా అలాంటి ఇల్లే.

ఆ పాత కాగితం 1994 నాటిది. అప్పట్లో యూనివర్సల్ స్టూడియోస్ యజమాని ఎం.సి.ఎ., మార్వెల్‌తో ఒక ఒప్పందం రాసుకుంది. మరో రెండేళ్ళకి, 1996లో, మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది, అంటే బొమ్మల పుస్తకాల హక్కులకి ఆ రోజుల్లో అంత గిరాకీ లేదన్నమాట. ఆ ఒప్పందం బలంతోనే యూనివర్సల్ 1999లో ఓర్లాండోలో ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కు తెరిచి, హల్క్‌నీ స్పైడర్‌మ్యాన్‌నీ అందులో నిలబెట్టింది.

ఒప్పందం నకలు నెట్‌లో దొరుకుతుంది. ఆఫీసులో ఎవరో రాసి వెళ్ళిపోయిన పాత కోడు చదివినట్టే, కూర్చుని ఓపిగ్గా చదివాను. సారాంశం ఏంటంటే: అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున యూనివర్సల్ వాడుకుంటున్న పాత్రల్నీ, వాటి కుటుంబాల్నీ ఇంకే థీమ్ పార్కూ ముట్టుకోకూడదు. ఓర్లాండో ఉన్నది తూర్పునే. కాబట్టి ఐరన్ మ్యాన్ సినిమాలు తీసుకునే డిస్నీ, ఓర్లాండోలోని తన సొంత పార్కులో ఐరన్ మ్యాన్ రైడ్ కట్టుకోలేదు. అదే కాలిఫోర్నియా పార్కులో 2021లో కట్టుకున్న పేటకి పేరు "అవెంజర్స్ క్యాంపస్", అందులో మార్వెల్ అన్న మాట ఉండదు. అక్కడా పేరు మీద ఆంక్ష ఉంది మరి! 2022లో ఓర్లాండోలో గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ రైడ్ పెట్టగలిగారంటే, ఆ పాత్రల్ని యూనివర్సల్ వాడుకోలేదు గనక. కొసమెరుపు: యూనివర్సల్ కట్టే లైసెన్సు రుసుము ఇప్పుడు చేరేది డిస్నీ ఇంటికే.

సరే, ఇదంతా మనకెందుకంటారా? వస్తున్నా.

2010 జూన్‌లో అదే ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో హారీ పాటర్ పేట తెరిచారు. థీమ్ పార్కుల సంఘం టి.ఇ.ఎ. అంచనాల ప్రకారం 2009లో ఆ పార్కుకి వచ్చినవాళ్ళు సుమారు 46 లక్షలు, 2011లో 76 లక్షలు. రెండేళ్ళలో! కొత్త పార్కు కట్టలేదు, ఒక్క కథ అద్దెకి తెచ్చారంతే. ఆ దెబ్బకి డిస్నీ 2011లో అవతార్ హక్కులు తీసుకుని 2017లో దానికో పేట తెరిచింది. 2012లో లూకాస్‌ఫిల్మ్‌నే కొనేసి 2019లో స్టార్ వార్స్ పేట కట్టింది. ఈలోగా యూనివర్సల్ 2014లో పక్క పార్కులో డయాగన్ యాలీ పెట్టి, రెండు పార్కుల మధ్యా హాగ్వర్ట్స్ రైలు వేసింది. ఆ రైలెక్కాలంటే రెండు పార్కులకీ చెల్లే టికెట్టు ఉండాలి. డిజైనంటే అదీ! 2025 మేలో ఎపిక్ యూనివర్స్ అని ఏకంగా కొత్త పార్కే తెరిచారు. అందులోనూ పాటర్ వార్నర్ వాళ్ళవాడు, మారియో నింటెండో వాళ్ళవాడు.

పోటీ పెరిగితే ధర తగ్గుతుందని చదువుకున్నాం కదా. సెల్‌ఫోన్ కాల్ రేట్లలో కళ్ళారా చూశాం కూడా. మరిక్కడ? 1971లో డిస్నీ వరల్డ్ తెరిచినప్పుడు పెద్దవాళ్ళకి గేటు టికెట్టు మూడున్నర డాలర్లు, రైడ్లకి విడిగా. ద్రవ్యోల్బణం లెక్కేసినా అది ఇవాళ్టి 30 డాలర్ల లోపే. మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కరోజు టికెట్టు 2015లో 100 డాలర్లు దాటింది. 2025 క్రిస్మస్ రోజులకి 200 అంచుకి చేరింది. 1999 నుంచి డిస్నీలో ఉచితంగా ఉన్న ఫాస్ట్‌పాస్ స్థానంలో 2021లో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది.

నాకు తోచిన కారణం ఇది. పోటీ పడుతున్నది రైడ్లు కాదు, కథల హక్కులు. రెండు కంపెనీలు ఒకే సరుకు అమ్మితే ధర తగ్గుతుంది. హారీ పాటర్‌కి బదులు ఇంకోటి లేదు. తొమ్మిదేళ్ళ పిల్లని "పోనీ అవతార్ చూద్దాం, పది డాలర్లు తక్కువట" అని ఒప్పించి చూడండి. ఎవరి కథకి వాళ్ళే గుత్తాధిపతులు. బయటికి కనిపించేది పోటీ, లోపల ఉన్నవి పక్కపక్కనే రెండు గుత్తాధిపత్యాలు.

అలాగని అక్కడ చేసిన పని తక్కువదని కాదు. మా అమ్మాయి మంత్రదండం పట్టుకుని ఓ దుకాణం అద్దం ముందు తిప్పితే లోపల బొమ్మ కదిలింది. దండం కొసన చిన్న ప్రతిఫలకం, ఎక్కడో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. పనిచేసే తీరు తెలిసి కూడా నేను చప్పట్లు కొట్టాను.

ఇండియా నుంచి వచ్చిన మా నాన్న మాత్రం బెంచీ మీద కూర్చుని అడిగారు, "ఈ డబ్బంతా ఎవరికి పోతుందిరా?" పార్కు వాళ్ళకీ, హక్కులున్న సినిమా కంపెనీకీ, రాసినావిడకీ అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి ఘటోత్కచుడి బొమ్మ పెట్టుకుంటే ఎవరికి కట్టాలి?" అన్నారు.

ఎవరికీ అక్కర్లేదు నాన్నా! శశిరేఖ పెళ్ళి వ్యాసభారతంలో లేనే లేదు, మనవాళ్ళు చెప్పుకుంటూ పెంచుకున్న కథ. 1936లో ఒకళ్ళు సినిమా తీశారు, 1957లో కె.వి. రెడ్డి మళ్ళీ తీశారు. కథ అందరిదీ కాబట్టి పోటీ అంతా ఎవరు బాగా చెప్తారన్న దానిమీదే. మనకి దక్కింది మాయాబజార్.

ఆమాటకొస్తే డిస్నీ కూడా అలాగే పైకొచ్చింది. 1937లో తీసిన స్నో వైట్ గ్రిమ్ సోదరుల సేకరణలోది. మ్యాజిక్ కింగ్‌డమ్ నడిబొడ్డున 1971 నుంచీ నిలబడ్డ కోట సిండరెల్లాది, ఆ కథకి ఎవరికీ అద్దె కట్టక్కర్లేదు. ఎవరిదీ కాని కథ మీద మొదలైన వ్యాపారం, ప్రతి కథకీ తాళం వేసుకునే దాకా వచ్చింది.

పాటర్ మీద కాపీరైటూ ఏదో ఒకరోజు ముగిసిపోతుంది. అప్పుడు ఏ ఊరి తిరనాళ్ళలోనైనా హాగ్వర్ట్స్ కట్టుకోవచ్చు. అప్పటిదాకా మా అమ్మాయి పిల్లలకి కూడా టికెట్టు తప్పదేమో. అందుకని ఈ సెలవుల్లో దానికి మాయాబజార్ చూపిస్తున్నాను. లడ్లు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరెళ్ళే చోట సినిమా ఆపి, "ఇదెలా చేశారు?" అని అడిగింది. మంత్రదండం చేతిలో ఉన్నప్పుడు ఆ ప్రశ్న అడగలేదు.