నాన్న చుట్టిన ఈగ

మా నాన్న 40 ఏళ్లపాటు కోనసీమలో మోటార్లకు వైండింగ్ చేశారు. కాలిపోయిన పంపుసెట్లు, ఆగిపోయిన ఫ్యాన్లు, మిక్సీలు ఏవి తెచ్చినా విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి పంపేవారు. ఆదివారం సాయంత్రం మాత్రం కొట్టు కట్టేసి కాలవ గట్టుకు వెళ్లేవారు. చేతిలో వెదురు గేలం, కొబ్బరి చిప్పలో తడిమట్టి, అందులో వానపాములు. నెమలి ఈక కాడను కోసి బెండుగా కట్టేవారు. బెండు మునిగిందా, లాగడమే. జెల్లో, మట్టగిడసో, అదృష్టం బాగుంటే కొరమీనో పడేది. ఆ రాత్రి మా ఇంట్లో పులుసు. చేపలు పట్టడమంటే నాకు తెలిసింది అంతే. నీళ్లలోంచి గిన్నెలోకి.

2014లో బ్యాంకు నన్ను చండీగఢ్‌కు బదిలీ చేసింది. ఆ మరుసటి వేసవిలో ఒక సహోద్యోగి నన్ను హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకు తీసుకెళ్లాడు. మండి దాటి, ఔట్ సొరంగం దగ్గర మనాలీ రోడ్డును వదిలి, బంజార్ మీదుగా గుశైనీ చేరితే అక్కడ మోకాలి లోతు నీళ్లలో అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత స్వచ్ఛమైన నది. అతను సన్నటి కర్రను గాల్లో ముందుకూ వెనక్కూ ఊపి, ఆకుపచ్చటి దారాన్ని నీటి మీద పరిచాడు. ఎర ఏదని అడిగాను. నవ్వి కొక్కెం చూపించాడు. దాని మీద కాస్త ఈక, కాస్త దారం. పురుగు కాదు, పురుగు వేషం. దాన్నే ఫ్లై అంటారు, అంటే ఈగ. మాంసం ముక్క లేకుండా చేపను మోసం చేయడం ఈ విద్య. ఆ సాయంత్రమే నాకు పిచ్చి పట్టింది.

మామూలు గేలంలో బరువు చివర ఉంటుంది. సీసం గుండో, ఎరో దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ కొక్కేనికి బరువే లేదు. బరువంతా దారంలోనే ఉంటుంది. ఆ లావుపాటి లైనును వెనక్కి విసిరి, అది గాల్లో పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు తోయాలి. ఆ ఆగడమే కష్టం. బలం పెట్టినవాడి లైను మెడకు చుట్టుకుంటుంది. నా మొదటి రెండు రోజుల్లో నేను పట్టినవి రెండు విల్లో కొమ్మలు, ఒక చొక్కా కాలరు. రెండోది నాదే.

సామగ్రి గురించి ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పేది కొంచెమే. మన హిమాలయ నదులకు 9 అడుగుల రాడ్, అయిదో నంబరు లైను చాలు. రీలు మీద డబ్బు తగలేయకండి. చిన్న నదిలో అది దారం చుట్టుకునే ఉండ కన్నా ఎక్కువేం కాదు. ఆ డబ్బు మంచి లైను మీద పెట్టండి. దాని చివర క్రమంగా సన్నబడే తొమ్మిదడుగుల లీడర్, చివరి రెండడుగులు తల వెంట్రుకంత తీగ. నీటి మెరుపును కోసే పోలరైజ్డ్ కళ్లద్దాలు, నాచు రాళ్ల మీద జారని బూట్లు తప్పనిసరి. కొక్కేల లెక్క తిరకాసుగా ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. 14, 16 మధ్య ఉంటే మీకు కావల్సిన పని జరిగిపోతుంది. మొదటి ఏడాది నేను ఎంత ఖర్చు పెట్టానో మా ఆవిడకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ట్రౌట్ మన చేప కాదు. స్వదేశీ వాగుల మీద బెంగ పెట్టుకున్న బ్రిటిష్ వాళ్లు 1900 ప్రాంతంలో గోధుమ రంగు ట్రౌట్‌ను స్కాట్లాండ్ నుంచి కాశ్మీర్‌కు తెచ్చారు. అక్కడి నుంచి 1909లో గుడ్లు కులు లోయకు వచ్చాయి. చల్లటి నీళ్లుంటేనే అది బతుకుతుంది. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే సతమతమవుతుంది. దాని తిండిలో ఎక్కువ భాగం రాళ్ల కింద పాకే పురుగు పిల్లలే. మేఫ్లై అనే కీటకం పిల్లగా నెలల తరబడి నీటి అడుగున ఉంటుంది. రెక్కలొచ్చాక బతికేది ఒకటి రెండు రోజులే. రెక్కల పురుగును అనుకరిస్తూ నీటి మీద తేలేది డ్రై ఫ్లై. అడుగున మునిగే పిల్ల రూపం నింఫ్.

నింఫ్‌లలో నాకిష్టమైనది ఇంగ్లండ్‌లో ఎవన్ నదిని కాపలా కాసిన ఫ్రాంక్ సాయర్ అనే ఆయన తయారు చేసింది. దానికి రెండే వస్తువులు కావాలి. నెమలి జాతికే చెందిన ఫెజెంట్ పక్షి తోక ఈక, సన్నటి రాగితీగ. దారం కూడా అక్కర్లేదు. ముందు కొక్కెం మీద తీగ చుట్టి ఛాతీ దగ్గర చిన్న బొడిపె తీయాలి. ఈక పోగులు నాలుగు తీసుకుని, వాటి కొసలు తోకలా వెనక్కి మిగిలేలా కట్టాలి. పోగుల్ని తీగతో కలిపి మెలేసి ముందుకు చుట్టాలి. బొడిపె మీద ముందుకూ వెనక్కూ మడిచి బిగిస్తే అయిపోయింది. చెప్పడం తేలిక. నేను చుట్టినవి పురుగుల్లా కాక పురుగు పట్టిన వంకాయల్లా ఉండేవి. తీర్థన్ అడవుల్లో ఫెజెంట్లు రకరకాలున్నాయి. వాటిని వేటాడటం నేరం. కాబట్టి ఈకలు విదేశీ ఫారాల నుంచి పాకెట్లలో వస్తాయి.

2019 ఏప్రిల్‌లో నాన్న మా ఇంటికి వచ్చారు. అమ్మ పోయాక అదే మొదటిసారి రావడం. ఒక రాత్రి బల్ల మీద చిన్న వైస్‌లో కొక్కెం బిగించి తంటాలు పడుతుంటే వెనక నిలబడి చాలాసేపు చూశారు.

“ఏంట్రా ఇది?”

“ఈగ, నాన్నా. చేపలకి.”

“ఇన్ని ఈగలు మన దొడ్లో ఊరికే దొరికేవి గదరా.”

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “నీకు చుట్టు మీద చుట్టు ఎక్కుతోంది. తీగని లాగకు. నడిపించు.” ఆయనకు కంటిశుక్లం ఆపరేషన్ అయింది. అయినా ఆ వేళ్లకు కళ్లతో పెద్దగా పనున్నట్టు లేదు. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా పడుతోంది. “ఇది ఎన్నో గేజు? 36లా ఉంది. ఫ్యాను తీగ. దీనికి లావైపోయింది. 40 ఉండాలి” అన్నారు. ఆ రాత్రి ఆయన ఆరు నింఫ్‌లు చుట్టారు. చిన్నప్పుడు కొట్లో కూర్చోమంటే పారిపోయిన నాకు, మా నాన్న ఏం పని చేసేవారో ఆ రాత్రి అర్థమైంది.

ఆ వారమే ఆయన్ను తీర్థన్ తీసుకెళ్లాను. లైసెన్సు తీసుకుని, బండల మధ్య మడుగులో ఆయన చుట్టినదే విసిరాను. నాలుగో విసురుకు లైను కొస ఆగింది. కర్ర ఎత్తాను. జానెడు పైన ఉన్న ట్రౌట్, పసుపు పొట్ట, ఎర్రటి చుక్కలు. నాన్న మొహం వెలిగిపోయింది. సంచి తీశారు. నేను చేతులు తడుపుకుని కొక్కెం విడిపించి, చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని వదిలేశాను.

“జారిపోయిందా?”

“లేదు నాన్నా. వదిలేశాను. చిన్నది.”

ఇంకో గంటలో మరో రెండు పడ్డాయి. ఒకటి చిన్నది కాదు. దాన్నీ వదిలేశాను, అలవాటు కొద్దీ. నాన్న సంచి మడిచి కింద పెట్టుకుని కూర్చున్నారు. “తినడానికి పట్టావనుకో, దానికో లెక్కుంది. వదిలేసేదానికి నోట్లో ముల్లెందుకు గుచ్చావురా?”

నా దగ్గర జవాబులున్నాయి. కొక్కేనికి గాలపు ముల్లు నొక్కేశానని, తడి చేతులతో పట్టుకుంటే దాని ఒంటి జిగురు పోదని, అందరూ తింటే నది ఖాళీ అవుతుందని చెప్పాను. పక్కనున్న సైంజ్ నది మీద విద్యుత్ ప్రాజెక్టులు వచ్చాయి. తీర్థన్ మాత్రం ఈ ఊళ్లవాళ్లు పోరాడటం వల్ల తప్పించుకుంది. చేపల కోసం వచ్చే మనలాంటివాళ్ల వల్ల వాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయని కూడా అన్నాను. ఆయన అన్నీ విన్నారు. “అదంతా నది సంగతి. నేనడిగింది ఆ చేప సంగతి” అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పైగా నేను కాపాడుతున్నానని చెప్పుకునే చేప పరాయిది. ఈ నీళ్లలో అసలు పుట్టిన మంచు ట్రౌట్‌ల పిల్లల్ని అది తింటుంది. నేను నది మీద ప్రేమ అనుకున్నదాంట్లో ఆట ఎంత, ప్రేమ ఎంత అని విడదీసి చూడటం ఆ రోజు నుంచి మొదలైంది. నియమం ఒకటి పెట్టుకున్నాను. కొలతకు సరిపోయిన చేప పడితే వండుకుంటాను. ఆ రోజుకు కర్ర మడిచేస్తాను. చిన్నది పడితే వదలక తప్పదు. కానీ లెక్క కోసం పట్టడం మానేశాను. దీంతో తప్పు పోయిందని అనను. తగ్గింది.

2023 జూలైలో కులు జిల్లాను వరదలు ముంచెత్తాయి. టీవీలో బియాస్ ఒడ్డున ఇళ్లు కూలడం చూసి నాన్న ఫోన్ చేశారు. మనుషుల క్షేమం అడిగాక, “ఆ చేపలేమయ్యాయో” అన్నారు. శీతాకాలం వేట నిషేధం ముగిశాక, 2024 ఏప్రిల్‌లో వెళ్లి చూశాను. నాన్న కూర్చున్న బండ లేదు. మడుగు గులకతో పూడిపోయింది. కర్ర సంచిలోంచి తీయలేదు. నీళ్లలో దిగి రాళ్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ పోయాను. పదిపదిహేను రాళ్ల తర్వాత ఒకదాని అడుగున, బల్లపరుపుగా అంటుకుని, గోధుమ రంగు నింఫ్‌లు రెండు. మూడు తోకలు ఆడిస్తూ వెలుతురు తగలగానే పక్కకు పాకాయి. నాన్న చుట్టినవాటికి కాస్త లావు తక్కువ.

రాత్రి ఫోన్ చేసి చెప్పాను.

“పట్టావా?”

“లేదు నాన్నా. గేలమే వేయలేదు.”

“మరి అంత దూరం ఎందుకెళ్లావు?”

“ఉన్నాయో లేదో చూద్దామని.”

కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత పది రోజులకు కొరియర్‌లో చిన్న పొట్లం వచ్చింది. పాత క్యాలెండర్ కాగితంలో చుట్టిన రాగితీగ ఉండ. 40 గేజు.